వర్క్‌షాపు వెనక అరుగు

ఇంటికొచ్చే కుర్ర ఇంజినీర్లు నన్నొక ప్రశ్న తప్పకుండా అడుగుతారు: "సార్, మీరు కట్టించినవాటిల్లో మీకు బాగా నచ్చింది ఏది?" సూరత్ పక్కన హజీరా ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి సివిల్ పనులు చేయించినవాణ్ణి కదా, ఏ పొగగొట్టం పునాదో, సముద్రపు ఒడ్డున ఏ జెట్టీయో చెబుతానని ఆశగా చూస్తారు. మోకాలెత్తు అరుగు ఒకటి కట్టించాను, అదే నాకు నచ్చింది అంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. లోపలినుంచి మా ఆవిడ "మొదలెట్టారా మళ్ళీ!" అంటుంది. ఆవిడకి ఆ బాధ తప్పించడానికే ఇది రాస్తున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళ చేతిలో ఈ కాగితాలు పెట్టి నేను పేపరు చదువుకుంటాను.

హజీరాలో రిటైరయ్యాక మా గోదావరి వైపు వెళ్ళిపోదామనుకున్నాం గాని, సూరత్ అలవాటైపోయింది. ఇంట్లో ఊరికే కూర్చుంటే నాకూ తోచదు, నేను ఇంట్లో ఉంటే మా ఆవిడకి అసలే తోచదు. అందుకని సచిన్ అనే ఊరికి వెళ్ళే దారిలో ఉన్న ఓ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఎస్టేట్ ఇంజినీరుగా చేరాను. పేరు గొప్పదే గాని కారే కుళాయిలు, ఊడిన తలుపులు, పొంగే డ్రైనేజీ, అన్నీ ఆ ఉద్యోగం మెడకే చుట్టుకుంటాయి. హజీరాలో నేను కేకేస్తే క్రేన్లు కదిలేవి. ఇక్కడ ఎంత అరిచినా ప్లంబరు టీ తాగడం పూర్తయ్యాకే కదిలేవాడు.

మా ప్రిన్సిపాల్ గారు అచ్చమైన సూరతీ మనిషి. కెమిస్ట్రీ చదివారు, కబుర్లంటే ఇష్టం, తిండంటే ఇంకా ఇష్టం. ఓ రోజు నన్ను పిలిచి, "సాహెబ్, మన పిల్లలు క్లాసులో వింటారు, క్యాంటీన్‌లో తింటారు, బైకెక్కి పోతారు. మరి ఆలోచించేది ఎక్కడ?" అని అడిగారు. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాణ్ణి, ఆలోచించడానికి వేరే చోటు కావాలని ఎన్నడూ అనుకోలేదు. వర్క్‌షాపు వెనక ఉన్న ఖాళీ స్థలంలో పిల్లలు ఆరుబయట కూర్చుని చదువుకునే, మాట్లాడుకునే, ఊరికే ఉండే చోటొకటి చేయాలని ఆయన కోరిక.

అదే స్థలం మీద కాలేజీ ట్రస్టీకీ కన్నుంది. ఆయన చీరల హోల్‌సేల్ వ్యాపారి, అందరూ సేఠ్ అనేవారు. పిల్లల బైకులు ఎండలో మాడుతున్నాయని, అక్కడ పార్కింగ్ షెడ్డు వేయాలని ఆయన పట్టు. ఇద్దరూ ఓ ఒప్పందానికి వచ్చారు. వచ్చే వర్షాకాలం దాకా ప్రిన్సిపాల్ గారి ముచ్చట చూద్దాం, అప్పటికీ అక్కడ ఎవరూ కూర్చోకపోతే షెడ్డు స్తంభాలు లేస్తాయి. నన్ను పని మొదలుపెట్టమన్నారు.

ఆలోచన అంటే ఒంటరిగా చేసే పని అని నా లెక్క. కాబట్టి స్థలం మధ్యలో పచ్చిక వేయించి, దానిమీద గుండ్రంగా, ఒకదానికొకటి ఎడంగా, ఒక్కరు కూర్చునే బెంచీలు వేయాలని బొమ్మ గీశాను. మధ్యలో చిన్న ఫౌంటెన్. పచ్చిక అంచులకి పసుపు, నలుపు గీతలు కూడా వేయించబోతుంటే, మెకానిక్స్ చెప్పే మేడం అటుగా వెళుతూ ఆగింది. బార్డోలీ నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి, నోటికి ఎంతొస్తే అంత అనేస్తుంది. "సాహెబ్, ఇక్కడ ఫోర్క్‌లిఫ్టులేమీ తిరగవండీ" అంది. నాకు ఒళ్ళు మండింది గాని గీతలు మాన్పించాను.

బెంచీలు నేనిస్తానని సేఠ్ కబురు పెట్టారు. షెడ్డు కావాలన్న మనిషే బెంచీలు ఇస్తున్నాడంటే పెద్ద మనసే అనుకున్నాం. లారీలో దిగాక చూస్తే అవి బాంకడాలు. సూరత్‌లో ఉన్నవాళ్ళకి బాంకడా అంటే చెప్పనక్కర్లేదు. ప్రతి అపార్ట్‌మెంట్ గేటు దగ్గరా, ప్రతి వీధి మలుపులోనూ ఉండే సిమెంటు బెంచీ అది. వీపు ఆనించే పలక మీద పోయిన పెద్దల పేరు రాసి, వారి స్మరణార్థం ఫలానావారు ఇచ్చారని ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి వాటిమీద తాతగార్లు చేరి మోకాళ్ళ నొప్పులూ కోడళ్ళ సంగతులూ చెప్పుకుంటారు. మావి నా బొమ్మ ప్రకారం ఒక్కరికే సరిపోయేలా పోత పోయించారు గాని, అన్నిటి మీదా సేఠ్ గారి నాన్నగారి పేరే ఉంది. ఉంటే ఉండనీ, సిమెంటు గట్టిదేనని నేను వేయించేశాను.

దీపావళి సెలవులయ్యాక పిల్లలు వచ్చారు, చూశారు, పక్కనుంచి నడిచి వెళ్ళిపోయారు. ఒక్కడు కూర్చుంటే ఒట్టు. వారం చూశాను, నెల చూశాను. ఎండ ముదిరాక ఆ సిమెంటు మీద చెయ్యి పెట్టినా కాలేది. మబ్బు పట్టిన రోజున మా తోటమాలి మాత్రం ఓ బెంచీ మీద కునుకు తీసేవాడు. పిల్లలు ఆ చోటికి "స్మరణార్థే" అని పేరు పెట్టారని నాకు ఆలస్యంగా తెలిసింది. ప్రిన్సిపాల్ గారు రోజూ కిటికీలోంచి చూసి నిట్టూర్చేవారు. నేను మటుకు ఈ కాలం పిల్లలకి తిన్నగా ఓ చోట కూర్చునే ఓపికే లేదని వాళ్ళనే తిట్టుకున్నాను.

వాళ్ళు కూర్చోకపోవడమేం, హాయిగా కూర్చుంటున్నారు. కాకపోతే నేను కూర్చోమన్న చోట కాదు. వర్క్‌షాపు వెనక గోడ తూర్పు ముఖంగా ఉంటుంది, మధ్యాహ్నం దాటితే దాని కిందంతా నీడ. అక్కడ మేం పీకేసిన పాత నీళ్ళ గొట్టాలు గుట్టగా వేసి ఉంచాం. ఓ సాయంత్రం చూస్తే వాటిమీద పిల్లలు కాకుల్లా బారులు తీరి ఉన్నారు. హజీరా బుద్ధి ఎక్కడికి పోతుంది? గొట్టం దొర్లితే కాళ్ళు విరుగుతాయని హిందీలో కేకలేసుకుంటూ వెళ్ళి అందర్నీ లేపేశాను. అందరూ పోయారు. ఓ ఆడపిల్ల మాత్రం పుస్తకాలు నింపాదిగా సర్దుకుంటూ తనలో తాను గొణుక్కుంది.

"గీ ముసలోనికి ఏం పని లేదు గావచ్చు. ఏడ గూసున్నా లేపుతడు."

"పనుందమ్మా. అందుకే లేపుతున్నాను" అన్నాను తెలుగులో.

ఆ పిల్ల చేతిలో పుస్తకం కింద పడింది. "అయ్యో! మీరు తెలుగోల్లా సార్? నాకెర్కలేదు. మాఫ్ చేయున్రి సార్."

"ముసలాణ్ణే గాని చెవులు బాగానే పనిచేస్తాయి. ఎక్కడమ్మా మీది?"

"సిరిసిల్ల సార్. నేను పుట్టింది గీడనే. లింబాయత్ల ఉంటం."

నాకు కోపం పోయి నవ్వొచ్చింది. తీరిగ్గా అడిగితే అప్పుడు చెప్పింది. వాళ్ళ నాన్న లింబాయత్ పేటలోనే మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు, వాళ్ళ ఇల్లు ఆ షెడ్డు మీదే. మరమగ్గాల్ని వాళ్ళు సాంచెలంటారు.

"కింద సాంచెలు, మీద మేము సార్. షిఫ్టు మారుతది గాని సాంచె బందుండది. ఇంట్ల మాట్లాడుకోవాల్నన్నా ఒర్రుడే. సదువుడు ఏడికెల్లి అయితది? లైబ్రరీ అయిదింటికే బందు వెడ్తరు. అందుకే గీడ గూసుంట."

"మరి అన్ని బెంచీలు వేయించాను కదమ్మా, వాటిమీద కూర్చోవచ్చుగా?"

నా మొహం చూసి, అనాలా వద్దా అని తటపటాయించి, చివరికి అనేసింది. "గవ్వా సార్? నడిమిట్ల గూసుంటె అందరు నన్నే చూస్తరు. ఎన్క గోడ లేదు, పక్కకు దోస్తు గూసునే జాగ లేదు, పుస్తకం వెట్టే జాగ లేదు. పైకెల్లి ఎవరో తాత పేరుంది. మా దోస్తులు గది సచ్చిపోయినోల్ల జాగ అంటరు."

ఇంతకీ ఆ పిల్ల ఎందుకంత పట్టుగా కూర్చుంటోందంటే మెకానిక్స్ పేపరు తప్పింది. ఓసారి కాదు, మళ్ళీ రాసి మళ్ళీ తప్పింది. ఎండాకాలం పరీక్షల్లో కూడా పోతే చదువు మాన్పించి, ఇంట్లోనే చీరలకి స్టోన్లు అంటించే పనిలో పెడతానని వాళ్ళ నాన్న చెప్పేశాడట. "బాపుది గుడ తప్పు లేదు సార్. ఎన్నేండ్లని సూస్తడు?" అంది. ఏడవలేదు. ఏడిచుంటే నేను ఏదో ఓదార్పు మాట చెప్పి వెళ్ళిపోయేవాణ్ణి. అలా మామూలుగా చెప్పేసరికి ఆ మాట ఇంటిదాకా నా వెంట వచ్చింది.

మర్నాడు స్టాఫ్ రూంలో ఈ సంగతి ఎత్తితే మెకానిక్స్ మేడం టిఫిన్ డబ్బా మూత పెట్టి, "ఇన్నాళ్ళకి పిల్లల్ని అడిగారా?" అంది. ఆ పిల్ల తనకి బాగా తెలుసట. తెలివి లేక కాదు, చదివింది మనసులో నిలవడానికి కాస్త నిశ్శబ్దం లేక తప్పుతోందని చెప్పింది. "గోడ ఉంది, నీడ ఉంది. పిల్లలు మీకు చోటు కూడా చూపించారు. అక్కడ ఓ ఓట్లో కట్టి పడేయండి సాహెబ్."

ఓట్లో అంటే గుజరాతీ ఇళ్ళ ముందుండే అరుగు. అరుగు! నాకు తల కొట్టేసినట్టయింది. మా ఊళ్ళో అక్షరాలు దిద్దింది అరుగు మీద, ఎక్కాలు అప్పజెప్పింది అరుగు మీద, ఇంజినీరింగ్ సీటు వచ్చిందని పోస్టుమాన్ చెప్పినప్పుడు నేను కూర్చుని ఉన్నది కూడా అరుగు మీదే. అలాంటివాణ్ణి ఫౌంటెన్ బొమ్మ గీశాను. చదువుకున్న కొద్దీ మనిషికి ఏదో అవుతుంది.

గొట్టాలు తీయించి, గోడ పొడుగునా అరుగు కట్టించాను. లైబ్రరీకి పరచగా మిగిలిన కోటా రాయి పైన వేయించాను, నీడలో అది చల్లగా ఉంటుంది. ఎత్తు ఎంతుండాలి, వెడల్పు ఎంతుండాలి అని ఈసారి ఎవరి పుస్తకమూ చూడలేదు. మేస్త్రీని బాసింపట్టు వేసుకుని కూర్చోమని, పక్కన ఓ పుస్తకం పెట్టి, అంత వెడల్పు వేయమన్నాను. రాతి అంచు మోకాళ్ళ వెనక కోసుకోకుండా గుండ్రంగా అరగదీయించాను. వాన నీరు నిలవకుండా బయటివైపు కాస్త వాలు ఇప్పించాను. మేస్త్రీ వాలు ఎక్కువ పెట్టేశాడు. మొదటి రోజు కూర్చున్నవాళ్ళంతా మెల్లిగా ముందుకి జారుతుంటే మళ్ళీ రాళ్ళు లేపించి వేయించాల్సి వచ్చింది. ఆ రెండు రోజులూ నేను మాట్లాడిన తెలుగు మేస్త్రీకి అర్థం కాకపోవడం ఇద్దరికీ మంచిదైంది.

ఇక ప్రిన్సిపాల్ గారికి హుషారు వచ్చింది. పాత సూరత్‌లో ఆయన పెంకుటింటిని పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు. అందులోంచి వాళ్ళమ్మగారి ఉయ్యాల బల్ల తెచ్చి నాకు అప్పజెప్పారు. "దీన్ని అరుగు ముందు వేలాడదీయండి" అన్నారు.

"కాలేజీలో ఉయ్యాలా! వీళ్ళేమన్నా పసిపిల్లలా సార్?"

"సాహెబ్, మీకు సూరత్ ఇంకా అర్థం కాలేదు. మా అమ్మ పెళ్ళి సంబంధాలు ఖాయం చేసినా, ఇల్లు కొన్నా, హించ్కో మీద కూర్చుని కాలితో నేలని మెల్లిగా తన్నుతూనే చేసింది. మావాళ్ళకి ఊగితే గాని బుర్ర పనిచేయదు. ఆలోచించే చోటు కట్టి ఉయ్యాల పెట్టకపోతే ఎలా?"

గుజరాతీ ఇళ్ళల్లో ఉయ్యాల బల్ల లేని ఇల్లు ఉండదని నాకు తెలుసు గాని, దానిమీద కూర్చుని ఆలోచిస్తారని మాత్రం అప్పుడే తెలిసింది. సరే అని దానికి ఇనప ఫ్రేము వేయించాను. హజీరా చెయ్యి కదా, బాయిలర్ వేలాడదీసినా ఊగని ఫ్రేము అయింది. మెకానిక్స్ మేడం చుట్టూ తిరిగి చూసి, "దీనిమీద ఏనుగు ఊగుతుందా?" అని అడిగింది. ఊగనీ, ఏనుగు కూడా సురక్షితంగా ఉండాలి అన్నాను.

ఆవిడ వెక్కిరించింది గాని వాడుకున్నది కూడా ఆవిడే. పరీక్ష తప్పిన పిల్లల్ని రోజూ క్లాసులయ్యాక అక్కడికి తీసుకొచ్చి పాఠం చెప్పేది. ఒకమ్మాయిని బల్ల మధ్యలో కూర్చోబెట్టి, ఏ గొలుసు మీద ఎంత బరువు పడుతుందో లెక్క వేయమనేది. తర్వాత చివరికి జరగమని మళ్ళీ వేయమనేది. నల్లబల్ల మీద బాణం గుర్తులుగా ఉన్నవన్నీ అక్కడ గొలుసులుగా కనిపించేవి. మా లింబాయత్ పిల్ల పాఠం అయ్యాక కూడా అరుగు మూలన గోడకి జారబడి, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ఉండేది. గేటు దగ్గర వాచ్‌మన్ అయిదున్నరకల్లా అందర్నీ తరిమేసేవాడు. ప్రిన్సిపాల్ గారితో చెప్పి దాన్ని ఏడింటి దాకా పెంచాం. అలా సాయంత్రాలు అరుగు మీద జాగా దొరకడం కష్టమైపోయింది. పాటలు పాడుకునేవాళ్ళు ఓ పక్క, లెక్కలు చేసేవాళ్ళు ఓ పక్క, ఏమీ చేయకుండా ఆకాశం చూసేవాళ్ళు ఇంకో పక్క.

అంతా బాగానే ఉందనుకుంటుండగా సేఠ్ కబురు పెట్టారు. వర్షాలు దగ్గరికొచ్చాయి, ఫలానా రోజు వచ్చి చూస్తాను, షెడ్డు కాంట్రాక్టరుతో మాట్లాడి ఉంచండి అని. వచ్చేది మధ్యాహ్నం పూట. అవి పరీక్షల ముందు సెలవులు, సాయంత్రం తప్ప అక్కడ పురుగు ఉండదు. ప్రిన్సిపాల్ గారికి కంగారు పుట్టింది.

"ఖాళీగా కనిపిస్తే మన కొంప మునిగినట్టే సాహెబ్. హాస్టల్లో ఉన్న ఫస్టియర్ పిల్లల్ని పిలిపించి కూర్చోబెడదాం. లోచో తెప్పిస్తానని చెప్పండి."

లోచో అంటే సూరత్‌వాళ్ళు ప్రాణం పెట్టే శనగపిండి ఫలహారం. నాకు మనసొప్పలేదు గాని సరేనన్నాను. మెకానిక్స్ మేడంని కూడా రమ్మంటే, "నాటకాలకి నేను రాను, నా పాఠం వేళకి నేను వస్తాను" అని చెప్పేసింది. ఆ రోజు ఆవిడ పాఠం మధ్యాహ్నానికే మార్చుకుందన్న సంగతి మాకెవరికీ తెలియదు.

సేఠ్ వచ్చేసరికి ఫస్టియర్ పిల్లలు మెడలో ఐడీ కార్డులతో, ఒళ్ళో పుస్తకాలతో అరుగు మీద వరసగా నిటారుగా కూర్చున్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు, ఒక్కరూ పేజీ తిప్పడం లేదు. సేఠ్ అందర్నీ ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశారు.

"మా షాపులో బొమ్మలకి చీరలు కట్టి నిలబెడతాం. వీళ్ళకంటే అవే నయం" అన్నారు. తర్వాత ఓ కుర్రాడి వైపు తిరిగి, "ఏమిస్తామన్నారు?" అని అడిగారు.

"లోచో, సేఠ్‌జీ. ఇంకా రాలేదు" అన్నాడు వాడు ఉన్నమాట.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ప్రిన్సిపాల్ గారు ఫౌంటెన్ వైపు చూస్తూ ఉండిపోయారు. సేఠ్ పిల్లల్ని పంపించేశారు. అరుగు ఖాళీ అయిపోయింది. "ఇంజినీర్ సాహెబ్, స్తంభాలు ఎక్కడినుంచి మొదలెడతారు?" అని అడిగారు. సేఠ్ తలాడిస్తే రేపో ఎల్లుండో గోతులు తవ్వాలి, పరీక్ష నెత్తిమీదుండగా ఆ పిల్ల మళ్ళీ సాంచెల మీదికి పోవాలి. నాకు అదొక్కటే కళ్ళముందు ఆడింది.

మోకాళ్ళు నొప్పెట్టి కాబోలు, సేఠ్ వెళ్ళి ఉయ్యాల బల్ల మీద కూర్చున్నారు. కూర్చున్నాక ఆయన కాలు తనంతట తనే నేలని తన్నింది. మెల్లిగా ఊగుతూ కళ్ళు అరమూతలు వేశారు. సరిగ్గా అప్పుడే పరీక్ష తప్పిన పిల్లల్ని వెంటేసుకుని మెకానిక్స్ మేడం వచ్చింది.

"నమస్తే సేఠ్‌జీ. ఇది నా లాబ్, కాస్త లేస్తారా?"

ప్రిన్సిపాల్ గారు కళ్ళు మూసుకున్నారు.

"లేవను. మోకాళ్ళు నొప్పి" అన్నారు సేఠ్.

"అయితే బరువుగా పనికొస్తారు, అలాగే కూర్చోండి" అని ఆవిడ లింబాయత్ పిల్లని ముందుకి పిలిచింది.

ఆ పిల్ల ముందు నేలచూపులు చూసింది. తర్వాత ఫోనులో స్టాప్‌వాచ్ తీసి, సేఠ్‌ని కాలు నేలకి ఆనించొద్దని చెప్పి, బల్లని కొంచెం వెనక్కి లాగి వదిలింది. పది ఊపులకి ఎంతసేపు పట్టిందో చూసింది. "సేఠ్‌జీ, ఇప్పుడు మీ పక్కన ఇంకొకరు కూర్చుంటే తొందరగా ఊగుతుందా, ఆలస్యంగానా?" అని గుజరాతీలో అడిగింది. సూరత్‌లో పుట్టిన పిల్ల, గుజరాతీ నాకంటే బాగా వచ్చు.

"బరువెక్కితే ఆలస్యమే. అందులో అడగడానికేముంది?" అన్నారు సేఠ్.

డ్రైవరుని పిలిచి పక్కన కూర్చోబెట్టారు. ఇంచుమించు అంతే సమయం పట్టింది. సేఠ్‌కి నమ్మకం కుదరలేదు. ఈసారి ప్రిన్సిపాల్ గారిని కూర్చోమన్నారు. ఆయన బరువు సంగతి నేను చెప్పకూడదు. ముగ్గురూ భుజాలు రాసుకుంటూ ఇరుక్కుని కూర్చున్నారు. నా ఫ్రేము చెక్కుచెదరలేదు, అది రాయకుండా ఉండలేను. మళ్ళీ అంతే సమయం వచ్చింది.

"ఇదేదో మోసం" అన్నారు సేఠ్.

"మోసం లేదు సేఠ్‌జీ. కూర్చున్నది ఒకరా ముగ్గురా, సేఠా డ్రైవరా, దానికి అక్కర్లేదు. గొలుసు పొడుగే దానికి లెక్క. గొలుసు పొడుగు చేస్తే ఆలస్యంగా ఊగుతుంది" అని ఆ పిల్ల ఎందుకలాగో చెప్పడం మొదలుపెట్టింది. నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, ఆయన మళ్ళీ మళ్ళీ అడ్డం పడుతుంటే మళ్ళీ మళ్ళీ చెప్పింది. మేడం ఒక్క మాట అందించలేదు.

సేఠ్ చివరికి తలూపారు. "సెలవుల్లో ఇంటి దగ్గర చదువుకోక ఇంతదూరం వచ్చావేం?" అని అడిగారు. ఆ పిల్ల ఇల్లెక్కడో, కింద ఏమున్నాయో చెప్పింది. నాతో చెప్పినంత మామూలుగానే చెప్పింది.

ఆయన కాసేపు ఊగారు. "నేనూ మగ్గాల పక్కనే పుట్టాను. ఆ చప్పుడు వల్లే నాకు చదువు రాలేదని మా పిల్లలకి చెబుతుంటాను" అన్నారు. కాలితో ఇంకోసారి నేలని తన్ని, "నిజానికి నాకు చదవడం ఇష్టం లేదనుకో. కాని ఆ చప్పుడు మాత్రం నిజం" అన్నారు.

తర్వాత నావైపు తిరిగారు. "మరి బైకులు ఎక్కడ పెడతారు?"

గేటు పక్క ప్రహరీ పొడుగునా ఒక్క వరసగా షెడ్డు వేయవచ్చని, అది నేను ముందే కొలిచి ఉంచానని చెప్పాను. "మా నాన్న బాంకడాలు?" అన్నారు. పిల్లల కోసం తల్లిదండ్రులు గేటు దగ్గర ఎండలో నిలబడుతున్నారు, ఆ షెడ్డు పక్కనే చెట్ల కింద వేస్తే రోజూ ఎంతోమంది ఆ పేరు చదువుతారని అప్పటికప్పుడు అల్లి చెప్పాను. వ్యాపారి కదా, అది ఆయనకి బాగా నచ్చింది.

"చాల్సే" అన్నారు. నడుస్తుంది, కానివ్వండి అని దాని అర్థం. సూరత్‌లో ఎన్ని పెద్ద పెద్ద ఒప్పందాలు ఆ ఒక్క మాటతో ముగుస్తాయో నాకు తెలుసు గాని, అది అంత తియ్యగా వినపడటం నాకు అదే మొదలు. వెళుతూ వెళుతూ ఆ లోచో తనకీ తెప్పించమన్నారు.

ఆ పిల్ల మెకానిక్స్ గట్టెక్కింది. గొప్ప మార్కులేమీ కావు, బొటాబొటిగా. మేడం మాత్రం స్టాఫ్ రూంలో అందరికీ స్వీట్లు పంచి, నాకు రెండు పెట్టింది.

పిల్లల డిగ్రీ ఫంక్షన్ నాటికి నేను కాలేజీ కూడా మానేశాను. ప్రిన్సిపాల్ గారు పిలిస్తే వెళ్ళాను. ఏసీ హాల్లో ఉపన్యాసాలయ్యాక బయటికొస్తుంటే ఆ పిల్ల నల్ల గౌనుతో పరుగెత్తుకొచ్చింది. వెనకాలే వాళ్ళమ్మ, కొత్త చీర కట్టుకుని, కాలేజీ భవనాల్ని బెదురుగా చూస్తూ వస్తోంది. నాన్నకి షిఫ్టు నుంచి సెలవు దొరకలేదట. "సార్, మా అమ్మకు మన అరుగు సూపెడ్త. మీరు గుడ రాన్రి" అంది. మన అరుగు అన్నందుకు నాకు సంతోషమైంది.

అందరూ ఫోటోల దగ్గర ఉండటంతో అరుగు ఖాళీగా ఉంది. ఆ తల్లి చెప్పులు విడిచి, కొంగుతో రాయి తుడిచి మరీ కూర్చుంది. అటూ ఇటూ చూసి, "గీడ ఏం సప్పుడు లేదేంది బిడ్డా?" అని అడిగింది. "లేదమ్మా, గందుకే గీడికి వచ్చేటిదాన్ని" అంది కూతురు. "గట్లనా" అని ఆవిడ గోడకి తల ఆనించింది. నేను వాళ్ళ ఊరి సంగతులేవో అడుగుతూ జవాబు రాకపోయేసరికి తిరిగి చూస్తే, ఆవిడ నిద్రపోతోంది. ఆ నిద్ర మామూలు కునుకు కాదు, నోరు కొంచెం తెరుచుకుని, చేతులు ఒళ్ళో వదిలేసి, ఒళ్ళెరగని నిద్ర.

అప్పుడే ఫోటోగ్రాఫర్ కెమెరా ఊపుకుంటూ వచ్చి, అమ్మతో ఫోటో తీస్తాను రమ్మన్నాడు. ఆ పిల్ల వేలు పెదాల మీద పెట్టి వారించింది. తల్లి పక్కన కూర్చుని, పక్కకి వాలుతున్న ఆ తలని తన భుజం మీదికి తీసుకుంది.

"జర పండుకోనియ్యున్రి సార్" అంది నాతో మెల్లిగా. "సాంచెల సప్పుడు లేని జాగల మా అమ్మ పండుకునుడు నేనెన్నడు సూడలే."

ఫోటోగ్రాఫర్ భుజం మీద చెయ్యి వేసి, అతన్ని అవతలికి తీసుకెళ్ళిపోయాను.